అటేపు తాడు

బల్ల ఎక్కేముందు దాన్ని తాకి
కళ్ళకద్దుకున్నాడు తెడ్డు పరశయ్య,
పడవెక్కేటప్పుడు చేసే పనే.
పెదజాలరిపేట. యాభై మూడేళ్ళు. పిత్తాశయంలో రాళ్ళు.
కేసు షీటులో ఇంతే ఉంది.
మిగతాది అరచేతుల్లో ఉంది:
ముప్పై ఏళ్ళు అలివి వల తాడు
ఒరుసుకుపోయిన రెండు గాడులు.

"ఒళ్ళు వదులుగా పెట్టు" అన్నాను.
"వొదిలీడం నాకు రాదమ్మా" అన్నాడు.
"మాయేపు ఒక్కడొదిలీసినా
అటేపోళ్ళు తిట్టిపోస్తారు.
వల వంకర తిరిగిపోద్ది, సేపంతా పోద్ది."
మాస్కు కింద నవ్వాను. కనిపించి ఉండదు.

మొదట పాలలాంటి మందు.
వంజరం ధర చెబుతూ చెబుతూ
మాట మధ్యలో నిద్రపోయాడు.

నిద్ర వేరు, సడలడం వేరు.
పాతికేళ్ళుగా చెబుతున్నా మా అమ్మ నమ్మదు.
మనిషి నిద్రపోయినా
కండ కాపలా కాస్తూనే ఉంటుంది.
దాని కోసం ఫ్రిజ్‌లోంచి వేరే సీసా.

మణికట్టు దగ్గర రెండు వైర్లు అతికించి
నరాన్ని నాలుగుసార్లు తడతాను.
బొటనవేలు నాలుగుసార్లు పలుకుతుంది.
కాసేపాగి మళ్ళీ.
మూడు.
రెండు, అదీ గొణుగుడే.
ఒకటి.
తర్వాత ఎంత తలుపు తట్టినా ఎవరూ లేరు.

అక్కణ్ణించి
అతని ఊపిరి నా బాకీ.

బొడ్డు దగ్గర అర అంగుళం గాటు.
గాలి నింపితే కడుపు లేచింది,
తెరచాపలా అని రాయబోయాను;
నిజానికి పూరీలా.
తెర మీద తాటిబెల్లం రంగు కాలేయం,
దాని కింద ఆకుపచ్చ తిత్తి.
పెద్ద కోతల రోజుల్లో
చెయ్యి దూర్చి అన్నీ పక్కకి తోసుకునేవారు.
ఇప్పుడు చోటంటే
కండ ఇష్టపడి ఇచ్చినంతే.

నలభయ్యో నిమిషం.
కాలేయం ఉలిక్కిపడింది.
కత్తెర మొనకీ రక్తనాళానికీ మధ్య వెంట్రుకవాసి.
"బిగిస్తున్నాడు" అన్నారు సన్యాసిరావు గారు,
గొంతు పెంచకుండా,
చేతులు ఉన్నచోటే ఆపి.

డయాఫ్రం. అన్నిటికంటే ముందు లేస్తుంది,
హార్బరులో మూడింటికి లేచే ఆడవాళ్ళలా.
బొటనవేలు ఇంకా పడుకునే ఉంది,
ఇది మాత్రం లేచి తాడందుకుంది.
లోపలెవరో అరిచి ఉంటారు, లాగండ్రా అని.

సిరంజి చేతిలోనే ఉంది.
పది మిల్లీగ్రాములు, వెనకే కాస్త సెలైన్.
"వొదిలీ పరశయ్యా" అన్నాను పైకే,
వినడని తెలిసీ,
"అటేపు నేను పట్టుకున్నాను."
నర్సు ఎస్తేరు నావైపు ఓసారి చూసి
గాజుగుడ్డలు లెక్కపెట్టుకుంది.

నెమ్మదిగా, అలిగినవాడు సర్దుకున్నట్టు,
కాలేయం సద్దుమణిగింది.
కిటికీ లేని గది.
పోర్టులో ఏదో ఓడ కూసింది.

ఆఖరి కుట్టు పడ్డాక విరుగుడు మందు.
రెండు నిమిషాల్లో నాలుగు దెబ్బలూ వచ్చాయి,
నాలుగోది మొదటిదంత గట్టిగా.
ఆ నాలుగోదాని కోసం ఆగకుండా
ట్యూబు తీసేసిన రోజొకటుంది నాకు,
చదువుకునేటప్పుడు.
దాని గురించి రాయను.

దగ్గాడు. కళ్ళు తెరిచాడు.
"నా చెయ్యి పట్టుకో" అన్నాను, మా పరీక్ష అది.
పట్టుకున్నాడు.
వదలమంటే వదలడు.
వేళ్ళు నొప్పెట్టాయి, సంతోషంగా.
"రాళ్ళేవమ్మా?"
చిన్న డబ్బా ఊపి చూపించాను. మూడు.
"ఇవేనేటి" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

సాయంత్రం బీచ్ రోడ్డులో రెడ్ సిగ్నల్ దగ్గర
స్టీరింగ్ మీద నా చేతులు చూసుకున్నాను.
పిడికిళ్ళు. భుజాలు చెవుల దగ్గర.
ఎప్పట్నించి ఇలా ఉన్నానో.
ఒక్కో వేలూ వదులుదామని చూశాను.
రెండు వచ్చాయి.
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.